గింజ నూనెను ఎప్పుడు వదులుతుంది?

వంటింట్లో నూనె తీయడం వెనక ఉన్న విజ్ఞానం

పొట్టు తీసిన పల్లీని రెండు వేళ్ల మధ్య పెట్టి నొక్కండి. రెండు బద్దలుగా విడిపోతుంది, అంతే. వేలికి జిడ్డు పెద్దగా అంటదు. కానీ ఆ గింజ బరువులో దాదాపు సగం నూనే. వంద గ్రాముల పల్లీల్లో 45 నుంచి 50 గ్రాముల దాకా ఉంటుంది. నువ్వుల్లోనూ అంతే, రకాన్ని బట్టి ఇంకాస్త ఎక్కువ కూడా. ఇంత నూనె మోసే గింజలు బస్తాలో నెలల తరబడి పడి ఉన్నా గోనె తడవదు. మరి ఆ నూనె ఎక్కడుంది?

మిక్సీలో వేస్తే చిక్కు ఇంకా ముదురుతుంది. ముందు పొడి, తర్వాత ముద్ద, ఇంకాసేపు తిప్పితే మెరుస్తూ జారే లేహ్యం తయారవుతుంది. నూనె కళ్లకు కనిపిస్తూనే ఉంటుంది. దాన్ని గుడ్డలో కట్టి పిండితే మాత్రం చేతులు నొప్పి పుట్టడమే గానీ గిన్నెలోకి ధార పడదు.

హైదరాబాద్ నడిబొడ్డున అమీర్‌పేట, పంజగుట్ట, మధురానగర్ లాంటి కాలనీల్లో ఈ చిక్కు ఇప్పుడు ఇంటింటి ప్రశ్న అయింది. ‘కట్టె గానుగ నూనె’ అని బోర్డు పెట్టి, కళ్లముందే ఆడించి ఇచ్చే చిన్న దుకాణాలు నగరమంతా వెలిశాయి. వంటింటి గట్టు మీద మిక్సీ పక్కనే పెట్టుకునే నూనె యంత్రాలు ఆన్‌లైన్‌లో దొరుకుతున్నాయి. సూపర్‌మార్కెట్‌లో ఆలివ్ నూనె సీసా ధర చూసి, దీన్ని ఇంట్లోనే తీసుకోలేమా అని అడిగేవాళ్లూ ఉన్నారు. ఏ గింజకు ఇంటి పద్ధతి పనికొస్తుంది, దేనికి పనికిరాదు, అలా తీసిన నూనెలో నిజంగా ఏం మిగులుతుంది అన్నవి తేలాలంటే ముందు గింజ లోపలికి వెళ్లాలి.

పొరల్లో దాచిన ఇంధనం

మొక్క నూనెను దాచుకునేది మన పోపు కోసం కాదు. నేలలో పడిన గింజ ఆకు వేసి సొంతంగా ఆహారం తయారుచేసుకునే దాకా బతకాలి. ఆ కొద్ది రోజులకు కావలసిన ఇంధనమే ఆ నూనె. చక్కెర, పిండి పదార్థాల కంటే నూనెలో శక్తి రెండింతలకు పైగా ఉంటుంది కాబట్టి, చిన్న గింజలో ఎక్కువ సత్తువ సర్దిపెట్టడానికి నూనె అనువైనది.

అయితే ఆ నూనె ఒక్క మడుగుగా ఉంటే మొలకకు పనికిరాదు. నూనెను విడగొట్టే ఎంజైములు దాని ఉపరితలం మీదే పని చేస్తాయి. అందుకే మొక్క దాన్ని అతి చిన్న బిందువులుగా విడగొట్టి పెట్టుకుంటుంది. ఒక్కో బిందువు మిల్లీమీటరులో సుమారు వెయ్యో వంతు ఉంటుంది. ఒక్కో కణంలో అలాంటివి కిక్కిరిసి ఉంటాయి. ప్రతి బిందువు చుట్టూ పలుచని కొవ్వు పొర, ఆ పొరలో మేకుల్లా దిగిన ఓలియోసిన్ అనే ప్రోటీన్లు ఉంటాయి. ఈ ప్రోటీన్ల పని పక్క బిందువును దగ్గరికి రానివ్వకపోవడం. గింజ ఎండినా, మళ్లీ తడిసినా బిందువులు ఒకదానిలో ఒకటి కలిసిపోకుండా కాపాడేది ఇదే. ఇన్ని పొరల వెనక ఉంది కాబట్టే పల్లీని నొక్కితే వేలు తడవదు.

దీనికి బాగా దగ్గరి పోలిక మనింట్లోనే ఉంది: వెన్న తీయడం. పాలలో కొవ్వు కూడా పొర కప్పుకున్న చిన్న బిందువులుగానే తేలుతుంటుంది. కవ్వం ఆడేకొద్దీ పొరలు చినుగుతాయి, బిందువులు ఒకదానికొకటి అంటుకుంటాయి, ముద్దగా పైకి తేలుతాయి. గింజ విషయంలోనూ వరస ఇదే. కణం గోడ, బిందువు పొర పగలాలి. బిందువులు కలవాలి. కలిసిన నూనె పిప్పిని వదిలి బయటికి రావాలి. నూనె తీయడమంటే బత్తాయి పిండినట్టు పిండడమని మనం అనుకుంటాం. నిజానికి అది చిలకడానికే దగ్గర.

మిక్సీ మొదటి పని బ్రహ్మాండంగా చేస్తుంది. రెండోది సగం చేస్తుంది. మూడో పని దాని వల్ల కాదు. పైగా గింజను అతి మెత్తగా నలిపి, కొత్త చిక్కు తెచ్చిపెడుతుంది. మెత్తటి పొడి రేణువుల మధ్య సందులు ఎంత సన్నగా ఉంటాయంటే, నూనె వాటిలో ఇరుక్కుని కదలదు. వేరుశనగ ముద్ద జారుతూ ఉండి కూడా నూనె వదలకపోవడానికి కారణం ఇదే.

నీళ్లు తగిలితే నూనె ఊరుతుంది

నూనెకు, నీటికి పొసగదని బడి పిల్లలకూ తెలుసు. ఆ పొసగకపోవడాన్నే పనిముట్టుగా వాడుకున్నారు మన పెద్దలు.

చిమ్మిలి దంచిన చేతులకు ఈ సంగతి అనుభవం. రోట్లో నువ్వులు దంచుతుంటే పొడి పొడిగానే ఉంటుంది. బెల్లం వేసి నాలుగు పోట్లు వేశాక ముద్ద కట్టి, పిడికిట బిగిస్తే వేళ్ల సందుల్లోంచి నూనె కారుతుంది. బెల్లంలోని తేమ, జిగురు కలిసి చేసిన పని ఇది. పిప్పిలోని ప్రోటీన్లకు, పిండి పదార్థాలకు నూనె కంటే నీళ్లంటే ఎక్కువ ఇష్టం. కాస్త తేమ తగలగానే అవి దాన్ని పీల్చుకుని ఉబ్బుతాయి, ఒకదానికొకటి అంటుకుని గడ్డ కడతాయి. వాటి ఒంటిని పట్టుకుని ఉన్న నూనె చోటు ఖాళీ చేయాల్సి వస్తుంది. గానుగలో నువ్వులు ఆడేటప్పుడు మధ్యలో నీళ్లు చిలకరించడం, కొన్నిచోట్ల తాటి బెల్లం వేయడం ఇందుకే. అది రుచి కోసం చేసే పని అనుకుంటే అసలు సంగతి వదిలేసినట్టే.

ఇదే సూత్రాన్ని ప్రపంచంలో చాలా చోట్ల వేరువేరుగా కనిపెట్టారు. నైజీరియా, బెనిన్ ప్రాంతాల ఆడవాళ్లు వేయించిన వేరుశనగ ముద్దలో కొద్దికొద్దిగా వేడినీళ్లు కలుపుతూ పిసికి నూనె తీస్తారు. మిగిలిన ముద్దను కారం, ఉప్పు కలిపి, ఆ నూనెలోనే వేయించి కులికులి అనే చిరుతిండి చేసుకుంటారు. చైనాలో వేయించిన నువ్వులను రాతి తిరగలిలో విసిరి, ఆ ముద్దలో మరిగే నీళ్లు పోసి కలిపి, పైకి తేలిన నూనెను తోడుకునే పద్ధతి ఉంది. ఏ యంత్రమూ అక్కర్లేని ఇంటి నూనె ఇదే. అయితే నీళ్లు, వేడి, కలిపే తీరు కుదరాలి. చల్లటి నీళ్లు ఒక్కసారిగా కుమ్మరించి మిక్సీ తిప్పితే నూనె విడిపోవడానికి బదులు చిక్కటి పాలలా కలిసిపోతుంది. పల్లీ పచ్చడిలో జరిగేది అదే.

బాక్స్: వంటాముదం

తెలుగు ఊళ్లలో ఇంటి నూనెకు అసలైన ఉదాహరణ ఆముదం. ఆముదపు గింజలను వేయించి, దంచి, నీళ్లలో వేసి గంటల తరబడి ఉడికిస్తారు. వేడికి పొరలు పగులుతాయి, పిప్పి నీళ్లు పీల్చుకుంటుంది, నీటి కంటే తేలికైన నూనె పైకి వస్తుంది. దాన్ని గరిటెతో తీసి, మళ్లీ కాచి మిగిలిన తడిని ఎగరగొడతారు. ఆముదం మిగతా నూనెల కంటే ఎన్నో రెట్లు చిక్కన. చల్లగా ఉన్నప్పుడు కదలనే కదలదు. కాచడం వల్ల పలచబడుతుంది. ఇంకో మేలు కూడా ఉంది. ఆముదపు గింజలో రిసిన్ అనే తీవ్రమైన విషం ఉంటుంది. అది ప్రోటీన్ కాబట్టి నూనెలో కరగదు, బాగా ఉడికితే చెడిపోతుంది. అయినా పచ్చి గింజ, పిండి, చెక్క అన్నీ ప్రమాదమే. పిల్లలున్న అపార్ట్‌మెంట్ వంటింట్లో ఈ ప్రయోగం వద్దు.

గానుగ చేసే పని

తెలుగు నేల మీద నూనె తీసే వృత్తికి శాసనాల ఆధారం ఉంది. అప్పటి గోదావరి జిల్లాలో దొరికిన 11వ శతాబ్దపు టేకి తామ్రశాసనం నూనె తీసే తెలికివారికి రాజు ఇచ్చిన గౌరవాలను చెబుతుంది. గాండ్ల, తెలికుల కుటుంబాలు తరతరాలుగా నడిపిన గానుగ చూడటానికి సాదా. రాతి లేదా కట్టె రోలు, అందులో వాలుగా నిలిచిన బరువైన రోకలి, దాన్ని తిప్పే కాడి, ఎద్దు. కానీ పైన చెప్పిన మూడు పనులూ ఒక్క రోట్లోనే జరిగిపోతాయి. రోకలి రోటి గోడకు ఆని దొర్లుతూ గింజను నలుపుతుంది, నలిగిన పిండిని తిరగేసి కలుపుతుంది, నీళ్లు చిలకరించాక గడ్డకట్టిన పిప్పిని గోడకేసి అదిమి నూనెను నడిమికి తోస్తుంది. కొన్ని గానుగలకు అడుగున రంధ్రం ఉండేది. కొన్నిటిలో నూనెను పైనుంచే తోడుకునేవారు.

ఈ యంత్రాన్ని శాస్త్రవేత్త కళ్లతో చూసి పుస్తకం రాసిన మనిషి హైదరాబాద్‌లోనే పని చేశారు. ఆహార చరిత్రకారుడిగా పేరున్న కె.టి. అచ్చయ్య అసలు వృత్తి నూనెల రసాయన శాస్త్రం. నగరంలోని ప్రాంతీయ పరిశోధనాశాలలో రెండు దశాబ్దాలు గడిపారు. దేశంలోని గానుగల తీరుతెన్నుల మీద ఆయన పుస్తకం 1993లో వచ్చింది. ఆ పరిశోధనాశాలే నేటి భారతీయ రసాయన సాంకేతిక సంస్థ, అదే ఐఐసీటీ.  

1934లో గాంధీజీ పూనికతో వార్ధాలో మొదలైన అఖిల భారత గ్రామ పరిశ్రమల సంఘం కూడా గానుగ మీద దృష్టి పెట్టింది. ఎద్దుకు శ్రమ తగ్గి, నూనె ఎక్కువ వచ్చేలా మార్చిన ‘వార్ధా గానుగ’ అక్కడ పుట్టింది. ఆ తర్వాత ఎద్దు స్థానంలోకి కరెంటు మోటారు వచ్చింది. ఇప్పుడు కాలనీ దుకాణాల్లో తిరుగుతున్నవి ఎక్కువగా ఇవే.

కట్టె రోలు వేడిని పీల్చేస్తుంది కాబట్టి నూనె చల్లగా ఉంటుందని ప్రచారం. కట్టె వేడిని అంత బాగా లాక్కునే పదార్థం కాదు. గానుగ నూనె పెద్దగా వేడెక్కకపోవడానికి అసలు కారణం నిదానం. రోకలి నిమిషానికి కొద్ది చుట్లే తిరుగుతుంది, రాపిడి తక్కువ, పుట్టిన కాస్త వేడి చెదిరిపోవడానికి సమయం దొరుకుతుంది. అదే కట్టె గానుగను మోటారుతో జోరుగా తిప్పితే పేరు అదే ఉంటుంది, వేడి అలా ఉండదు. దుకాణంలో చూడాల్సింది కట్టె రకాన్ని కాదు, తిరిగే వేగాన్ని.

గట్టు మీది యంత్రం

ఇంటి యంత్రం లోపల గానుగ లేదు. అది 1900 ప్రాంతంలో అమెరికాలో వాలెరియస్ ఆండర్సన్ రూపొందించిన ఎక్స్‌పెల్లర్‌కు బుల్లి రూపం. ఒక ఉక్కు గొట్టం, అందులో తిరిగే మరసీల. గింజలు ఒక చివర పడతాయి. మర వాటిని ముందుకు నెడుతూ పోతుంది. పోయేకొద్దీ చోటు ఇరుకవుతుంది. చివరికి వచ్చేసరికి ఒత్తిడి విపరీతంగా పెరిగి, గొట్టం సందుల్లోంచి నూనె కారుతుంది, ఎదుటి చివర నుంచి పిప్పి పలుచని పెచ్చులుగా రాలుతుంది.

ఇక్కడ నీళ్లకు బదులు వేడి పని చేస్తుంది. వేడెక్కిన నూనె పలచబడి సన్నటి సందుల్లోంచి కూడా జారుతుంది. పొరల్లోని ప్రోటీన్లు గట్టిపడి పట్టు వదులుతాయి. అందుకే చాలా ఇంటి యంత్రాల్లో హీటరు ఉంటుంది, గొట్టం వేడెక్కాకే గింజలు పోయమని రాసి ఉంటుంది. కాబట్టి ఇందులో వచ్చే నూనెను ‘కోల్డ్ ప్రెస్’ అనడం సరికాదు. అందులో తప్పేమీ లేదు, వేయించిన నువ్వుల నూనెనూ మనం ఇష్టంగా తింటాం. పెట్టె మీది మాటను బట్టి ధర పెట్టకూడదు, అంతే.

గింజలోని తేమ కూడా కీలకమే. మరీ ఎండిన గింజ పొడై గొట్టంలో బిగుసుకుంటుంది. మరీ తడిగా ఉంటే రాపిడి పుట్టక ముద్దలా జారిపోతుంది. నూరు గ్రాముల్లో ఆరేడు గ్రాముల తేమ ఉన్న పల్లీ ఇందుకు బాగుంటుంది. విరిస్తే ఫట్‌మని విరగాలి గానీ పొడి కాకూడదు.

బాక్స్: కిలో పల్లీల లెక్క

కిలో పల్లీల్లో సుమారు 480 గ్రాముల నూనె ఉందనుకుందాం. గానుగ గానీ ఇంటి యంత్రం గానీ అంతా తీయలేదు. చెక్కలో పది నుంచి పదిహేను శాతం నూనె మిగిలిపోతుంది. ఆ లెక్కన చేతికొచ్చేది 390 నుంచి 420 గ్రాములు. లీటరు నూనె బరువు 910 గ్రాములు కాబట్టి, లీటరుకు సుమారు రెండుంపావు కిలోల పల్లీలు కావాలి. గింజ నాణ్యత, యంత్రం తీరు కలుపుకుంటే రెండున్నర కిలోలు అనుకోవడం మంచిది. దుకాణంలో పరీక్షకూ ఇదే లెక్క. లీటరు గానుగ పల్లీ నూనె ధర, రెండున్నర కిలోల పల్లీల ధరలోంచి చెక్క విలువ తీసేస్తే వచ్చే మొత్తం కంటే తక్కువ ఉందా? అయితే ఆ నూనెలో ఇంకేదో కలిసి ఉండాలి, లేదా పల్లీలు నాసివై ఉండాలి.

మరి పెద్ద మిల్లులు ఇంకా చవగ్గా ఎలా ఇస్తాయి? చెక్కలో మిగిలిన నూనెను హెక్సేన్ అనే ద్రావకంతో కడిగి తీస్తాయి. అప్పుడు పిప్పిలో మిగిలేది ఒక శాతం లోపే. తవుడు నూనె ఈ దారిలోనే పుట్టింది. తవుడులో నూనె 15 నుంచి 20 శాతమే. పైగా బియ్యం మరపట్టిన క్షణం నుంచే అందులోని లైపేజ్ అనే ఎంజైము నూనెను విడగొట్టడం మొదలుపెడుతుంది. గంటల్లోనే అది పాడవుతుంది. ఇంట్లో తవుడు నూనె తీయాలనుకోవడం వృథా ప్రయాస. దానికి మిల్లు, ద్రావకం, శుద్ధి అన్నీ కావాలి. తవుడు నూనెలోని జిగురును ఎంజైములతో తొలగించే సాంకేతికతను అభివృద్ధి చేసింది మన ఐఐసీటీయే.

ఆలివ్ ఇక్కడ ఎందుకు కుదరదు

ఆలివ్ నూనె గింజలోంచి రాదు. అది పండు గుజ్జులోని నూనె. తాజా ఆలివ్ పండులో సగం దాకా నీళ్లు, 15 నుంచి 25 శాతం నూనె ఉంటాయి. నీళ్లు పండులోనే ఉన్నాయి కాబట్టి విడిగా చిలకరించే పని లేదు. పండ్లను పిక్కలతో సహా నలిపి, ఆ ముద్దను అరగంట, ముప్పావుగంట నిదానంగా కలుపుతూ ఉంటారు. బిందువులు ఒకదానితో ఒకటి కలిసి పెద్దవయ్యేది అప్పుడే. 27 డిగ్రీలు దాటకుండా ఇదంతా జరిగితేనే ఐరోపా దేశాల్లో సీసా మీద ‘కోల్డ్ ఎక్స్‌ట్రాక్షన్’ అని రాసుకోనిస్తారు. చివరికి గిర్రున తిప్పే యంత్రం నూనెను, నీళ్లను, పిప్పిని వేరు చేస్తుంది.

ఈ కలపడంలోనే ఓ అందమైన సంగతి ఉంది. మంచి ఆలివ్ నూనెలో వచ్చే పచ్చిగడ్డి వాసన పండులో ముందే ఉండదు. పండు నలిగినప్పుడు అంతదాకా వేరువేరు గదుల్లో ఉన్న ఎంజైములు, కొవ్వు ఆమ్లాలు కలుసుకుంటాయి, ఆ కలయికలో వాసన పుడుతుంది. గొంతులో చురుక్కుమనే గుణానికి కారణం ఓలియోకాంతల్ అనే పదార్థం. అది ఇబుప్రోఫెన్ అనే నొప్పి మాత్రలా పని చేస్తుందని 2005లో ‘నేచర్’ పత్రికలో వచ్చింది.

ఇంట్లో చేయడానికి అడ్డు యంత్రం కాదు, పండు. కోసిన ఒకటి రెండు రోజుల్లో ఆడకపోతే ఆలివ్ పులియడం మొదలవుతుంది, నూనెలో ఆమ్లం పెరుగుతుంది. హైదరాబాద్ మార్కెట్‌కు తాజా పండు రాదు. సూపర్‌మార్కెట్ సీసాల్లోనివి ఉప్పునీళ్లలో ఊరినవి. వాటిని ఎంత కష్టపడి ఆడినా వచ్చేది ఆలివ్ నూనె గుణం పోయిన ఉప్పటి జిడ్డే. కాలిఫోర్నియాలో పెరట్లో ఆలివ్ చెట్టున్న తెలుగు కుటుంబం మాత్రం నిక్షేపంగా ప్రయత్నించవచ్చు. అక్కడైనా ఐదు కిలోల పండ్లకు అర లీటరు దక్కితే గొప్పే.

చెట్టునే ఇక్కడ పెంచితే? ఆలివ్ పూత పట్టాలంటే కొన్ని వారాల పాటు గట్టి చలి కావాలి. తెలంగాణ శీతాకాలం అందుకు చాలదు. రాత్రి చలి ఎక్కువగా ఉండే రాజస్థాన్‌లో 2007-08లో ఇజ్రాయెల్ సాయంతో మొక్కలు నాటారు. బికనేర్ జిల్లా లూణ్‌కరణ్‌సర్‌లో 2014లో నూనె కర్మాగారం కూడా మొదలైంది. మన దేశంలో ఆలివ్ కథ ప్రస్తుతానికి ఎక్కువగా అక్కడిదే.

అయితే ఆలివ్ నూనెకు పేరు తెచ్చిన ఓలియిక్ ఆమ్లం కావాలంటే వేరే దారి హైదరాబాద్ శివార్లలోనే ఉంది. మామూలు పల్లీ నూనెలో ఈ ఆమ్లం సగం వరకు ఉంటుంది. పటాన్‌చెరులోని ఇక్రిశాట్, జునాగఢ్‌లోని వేరుశనగ పరిశోధనా సంచాలకత్వం కలిసి తెచ్చిన గిర్నార్-4, గిర్నార్-5 రకాల్లో అది 80 శాతం దగ్గర ఉంటుంది. అంటే ఆలివ్ నూనెకు సాటి. గొంతులో చురుక్కుమనిపించే ఆ పదార్థం మాత్రం ఇందులో ఉండదు. కానీ ఓలియిక్ ఎక్కువున్న నూనె గాలికి త్వరగా పాడవదు. ఇంట్లో నూనె తీసుకునేవాళ్లకు నిజంగా అక్కరకొచ్చే గుణం అది. ఇలాంటి పల్లీలు నగర దుకాణాల్లో పేరు రాసి అమ్మే రోజు త్వరగా రావాలి.

ఆ నూనెలో ఏముంది?

ఇంటి నూనె గురించి అతిగా చెప్పుకునే మాటలు చాలా ఉన్నాయి. కొవ్వు ఆమ్లాల వరకు గానుగ పల్లీ నూనెకు, శుద్ధి చేసిన పల్లీ నూనెకు తేడా నామమాత్రం. గ్రాముకు తొమ్మిది కిలోకేలరీలు రెండింటికీ సమానమే. తేడా అంతా చిల్లర పదార్థాల్లో ఉంది: విటమిన్-ఇ, స్టెరాల్స్, వాసననిచ్చే పదార్థాలు. ఫ్యాక్టరీ శుద్ధిలో నూనెను జిగురు తీసి, క్షారంతో కడిగి, మట్టితో రంగు విరిచి, చివరికి 200 డిగ్రీలు దాటిన వేడిలో ఆవిరి పట్టి వాసన తీసేస్తారు. ఈ దారిలో మంచివీ కొన్ని పోతాయి, చెడ్డవీ పోతాయి.

నువ్వుల నూనె ఇందులో ప్రత్యేకం. నువ్వుల్లో సెసమిన్, సెసమొలిన్ అనే పదార్థాలు ఉంటాయి. వేయించినప్పుడు సెసమొలిన్ నుంచి సెసమాల్ పుడుతుంది. నూనె కనరెక్కకుండా ఆపే గుణం దానికి గట్టిగా ఉంది. ఆవకాయ ఏడాది పొడవునా నూనె కనరు వాసన రాకుండా నిలవడంలో ఉప్పు, కారాలతో పాటు ఈ పదార్థాల వాటా కూడా ఉంది.

తీసిన నూనె మొదట మడ్డిగా ఉంటుంది. అందులో పిప్పి నలుసులు, జిగురు, కాస్త తేమ ఉంటాయి. రెండు మూడు రోజులు కదపకుండా ఉంచితే అడుగున పేరుకుంటాయి. పైనున్న తేట నూనెను వంచుకోవాలి. చాలామంది ఎండలో పెడతారు. వెచ్చదనం మంచిదే, నూనె పలచబడి మడ్డి త్వరగా దిగుతుంది. వెలుగు మాత్రం నూనెకు శత్రువు. మూత పెట్టిన స్టీలు గిన్నెలో వెచ్చటి చోట ఉంచితే మేలు జరుగుతుంది, చెడు తగలదు. తేరిన తర్వాత కూడా కొంత జిగురు మిగులుతుంది కాబట్టి, ఈ నూనెలో గారెలు వేస్తే నురగ ఎక్కువ వస్తుంది, పొగ ముందే లేస్తుంది. తాలింపుకు, కూరకు, పచ్చడికి ఇది శ్రేష్ఠం. మూకుడు నిండా పోసి గంటల తరబడి వేపుళ్లు చేయడానికి తగినది కాదు.

అసలు భయం ఎక్కడ పెట్టుకోవాలి

ఇంటి నూనె వైపు జనాన్ని నడిపిస్తున్నది కల్తీ భయం. అది ఊరికే పుట్టింది కాదు. 1998లో ఢిల్లీలో ఆవనూనెలో బ్రహ్మదండి గింజల నూనె కలవడం వల్ల 60 మందికి పైగా చనిపోయారు. స్పెయిన్‌లో 1981లో పరిశ్రమల వాడకానికి ఉద్దేశించిన నూనెను ఆలివ్ నూనె పేరుతో అమ్మితే సుమారు 20 వేల మంది జబ్బుపడ్డారు, వందల మంది ప్రాణాలు పోయాయి. కళ్లముందు ఆడించిన నూనెలో ఇలాంటి మోసానికి తావు తక్కువ.

కానీ ఇంటి నూనెకు తనదైన ప్రమాదం ఒకటుంది, దాని గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. తడి తగిలిన పల్లీల మీద ఆస్పర్జిల్లస్ అనే బూజు పెరిగి అఫ్లటాక్సిన్ అనే విషాన్ని తయారుచేస్తుంది. 1960లో ఇంగ్లండ్‌లో వేరుశనగ చెక్క తిన్న లక్షకు పైగా టర్కీ కోళ్లు చనిపోయినప్పుడు ఈ విషం సంగతి లోకానికి తెలిసింది. 1974లో గుజరాత్, రాజస్థాన్ పల్లెల్లో బూజు పట్టిన మొక్కజొన్న తిని జనం కాలేయ జబ్బుతో చనిపోతే, కారణం ఈ విషమేనని తేల్చినవారు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు. మామూలు వంట వేడికి ఈ విషం నశించదు. నూనె ఆడినప్పుడు ఎక్కువ భాగం చెక్కలోకే పోతుంది. కానీ తేరని మడ్డి నూనెలోని నలుసులతో పాటు కొంత నూనెలోనూ ఉంటుంది. ఫ్యాక్టరీలో క్షారం, మట్టి దాన్ని తీసేస్తాయి. ఇంట్లో ఆ ఏర్పాటు లేదు.

దీనికి మందు చేతిలోనే ఉంది: ఏరడం. విషం అన్ని గింజల్లో సమానంగా ఉండదు. బూజు పట్టిన, ముడుచుకున్న, రంగు మారిన కొద్ది గింజల్లోనే పోగుపడి ఉంటుంది. చాటలో పోసి వాటిని ఏరిపారేస్తే ప్రమాదం చాలా వరకు తగ్గుతుంది. దుకాణంలో ఆడించినా, ఇంట్లో తీసినా, తెచ్చిన పల్లీలను ఒకసారి చాటకెక్కించని నూనెకు ‘స్వచ్ఛం’ అన్న మాట చెల్లదు. చవగ్గా వస్తున్నాయని పాత గింజలు, విరిగిన గింజలు ఆడించడం అన్నిటికంటే పెద్ద పొరపాటు.

చెక్కనూ ఇదే కంటితో చూడాలి. బాగున్న నువ్వుల చెక్క తెలగపిండిగా మన వంటల్లో ఎప్పటినుంచో ఉంది. మునగాకుతో కలిపి వండి బాలింతలకు పెట్టే అలవాటూ ఉంది. పల్లీ చెక్కలో ప్రోటీన్ పుష్కలం, పొడి కొట్టుకోవచ్చు. అయితే విషం ఉంటే అది ఎక్కువగా చేరేది చెక్కలోకే కాబట్టి, ఏరిన గింజల చెక్కను మాత్రమే తినాలి. చెక్కలో మిగిలిన నూనె అంతటికీ గాలి తగులుతుంది కనుక చెక్క నూనె కంటే ముందే కనరెక్కుతుంది. ఫ్రిజ్‌లో పెట్టి త్వరగా వాడేయాలి.

ఎంత కావాలి, ఎలా దాచాలి

ఒళ్లు వంచే పని ఎక్కువ లేని పెద్దవాళ్లకు రోజుకు 20 నుంచి 30 గ్రాముల నూనె చాలు. నలుగురున్న ఇంటికి నెలకు మూడు కిలోలు, అంటే ఏడెనిమిది కిలోల పల్లీలు. రోజూ యంత్రం పెట్టుకునేంత అవసరం లేదు. నెలకోసారి, రెండు నెలలకోసారి ఆడించుకుంటే సరిపోతుంది. ఆడించిన నూనెను చిన్న డబ్బాల్లో నిండుగా పోసి, గాలికి చోటు లేకుండా మూత బిగించి, వెలుగు తగలని చోట ఉంచాలి. స్టీలు, ముదురు రంగు గాజు మంచివి. రాగి, ఇత్తడి, తుప్పు పట్టిన ఇనుము వద్దు, ఆ లోహాలు నూనెను త్వరగా కనరెక్కిస్తాయి. తడి గరిటె అందులో ముంచకూడదు. ఇంటి నూనెను పక్కింటివాళ్లకు అమ్మే ఆలోచన ఉంటే ముందు ఆహార భద్రత సంస్థలో నమోదు చేసుకోవాలి.

యంత్రం కొనే ముందు ఓ పని చేయండి. తెలిసిన చోట ఈ ఏటి పల్లీలు ఐదు కిలోలు కొని, ఏరి, ఎండబెట్టి, దగ్గర్లోని గానుగలో మీ కళ్లముందే ఆడించండి. రెండు లీటర్ల నూనె, మూడు కిలోల చెక్క చేతికొస్తాయి. ఆ నూనె ఎన్నాళ్లు వచ్చింది, ఇంట్లోవాళ్లకు దాని వాసన నచ్చిందా, చెక్కను నిజంగా వాడుకున్నారా చూసుకున్నాకే యంత్రం సంగతి తేల్చుకోండి. చాలా ఇళ్లకు కాలనీ గానుగే చాలు.